స్టార్ గుర్తు లేని రిపోర్టు

2025 జనవరిలో, మగవాళ్లకి మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేటు గ్రంథి కోసం చేసే రక్త పరీక్షలో నా పీఎస్‌ఏ 3.6 వచ్చింది. పక్కన ‘నార్మల్ 0 నుంచి 4’ అని ఉంది. ఎర్ర అక్షరాలు లేవు, స్టార్ గుర్తు లేదు. ఫోన్లో ఆ కాగితం మా ఆవిడకి చూపించి, బెంగళూరులో ఉన్న మా అమ్మాయికి వాట్సాప్‌లో పంపించి, పేపరు తీసుకుని అరుగు మీద కూర్చున్నాను. అసలు కబురంతా ఆ 3.6లోనే ఉంది. నాకు చదవడం రాలేదంతే.

మాది తెనాలి. కరెంటు ఆఫీసులో బిల్లింగు సెక్షన్లో ముప్పై రెండేళ్లు పనిచేసి 2019లో రిటైరయ్యాను. అంకెలతో బతికినవాణ్ణి కాబట్టి నా ఒంటి లెక్క కూడా నాకే తెలుసనుకున్నాను.

ఇదంతా 2020లో మొదలైంది. రాత్రిళ్లు మూడు నాలుగు సార్లు ఒంటికి లేవాల్సి వచ్చేది. వెళ్తే ధార సన్నగా, ఆగి ఆగి వచ్చేది. వచ్చి పడుకుంటే ఇంకా ఏదో మిగిలినట్టు. ఒక ఏడాది ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడే పోరుపెట్టి గుంటూరు కొత్తపేటలో యూరాలజిస్టు దగ్గరకు తీసుకెళ్లింది. స్కానింగులో ప్రోస్టేటు 58 గ్రాములని వచ్చింది. మామూలుగా ఉండాల్సింది ఇరవై, పాతిక. రక్త పరీక్షలో పీఎస్‌ఏ 4.6. దాని పక్కన స్టార్. ఆ చిన్న గుర్తు చూసి నేను పడ్డ టెన్షన్ అంతా ఇంతా కాదు.

ఆ డాక్టరు గారు గ్లవ్ వేసుకుని వేలితో పరీక్ష చేశారు. మొదటిసారి కాబట్టి సిగ్గుతో చచ్చిపోయాను గానీ, నిజానికి అర నిమిషం పని. ‘మెత్తగానే ఉందండీ, గట్టిగా ఏం తగల్లేదు. వయసుతో వచ్చే వాపే ఇది. గ్రంథి పెద్దదైతే పీఎస్‌ఏ కూడా ఆ మేరకు పెరుగుతుంది’ అన్నారు. పీఎస్‌ఏ అనేది క్యాన్సరు తయారుచేసే పదార్థం కాదట. ప్రోస్టేటు కణాలు మామూలుగానే తయారుచేసుకునే ప్రొటీను. వీర్యం పల్చబడడానికి పనికొస్తుంది. అందులో కాస్త రక్తంలోకి కారుతుంది. గ్రంథి పెద్దదైనా, దానికి ఇన్‌ఫెక్షన్ వచ్చినా, దెబ్బ తగిలినా, క్యాన్సరొచ్చినా ఎక్కువ కారుతుంది. కొలిచేది నానోగ్రాముల్లో, అంటే గ్రాములో వంద కోట్లవ వంతు. ట్యామ్సులోసిన్, డ్యుటాస్టెరైడ్ రెండూ కలిసిన క్యాప్సూల్ రాసి, ఆరు నెలల తర్వాత మళ్లీ రక్తం ఇవ్వమన్నారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే రేపల్లెలో మా బావగారికి పీఎస్‌ఏ 18 వచ్చింది. ఆయనకు మూత్రం బంద్ అయిపోతే ట్యూబు వేశారు, చలిజ్వరం కూడా వచ్చింది. ఆ వారంలోనే ఎవరో రక్తం తీయించారు. 18 అని తెలియగానే ఇంట్లో ఏడుపులు, అమెరికా నుంచి కొడుకు టికెట్ బుక్ చేసుకోవడం, అంతా అయింది. ఇన్‌ఫెక్షన్‌కి మందులు వాడి, రెండు నెలలాగి చేయిస్తే 3.1కి దిగింది. తర్వాతి పరీక్షల్లో కూడా ఏమీ తేల్లేదు. ఇప్పటికీ ఆయన పొద్దున్నే పొలం వెళ్లొస్తారు.

దీన్నుంచి నేను నేర్చుకున్న పాఠం, పెద్ద అంకె వచ్చినంత మాత్రాన హడలిపోకూడదని. అంతవరకూ సరే. కానీ దాని తోకగా ఇంకోటి కూడా మనసులో పడిపోయింది. చిన్న అంకె వస్తే అసలు ఆలోచించనే అక్కర్లేదని.

ఆరు నెలలకి నా పీఎస్‌ఏ 2.1 వచ్చింది. సగానికి సగం తగ్గింది! రాత్రి లేవడం కూడా ఒకసారికి వచ్చింది. వైకుంఠపురం వెళ్లి కొబ్బరికాయ కొట్టి వచ్చాం. ఇక గుంటూరు వెళ్లడం మానేశాను. పాత చీటీ చూపిస్తే మా వీధి చివర మందుల షాపులో క్యాప్సూల్స్ ఇచ్చేవాడు. ఏడాదికోసారి ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లే ప్యాకేజీలు ఉంటాయి కదా, షుగరు, థైరాయిడ్‌తో పాటు పీఎస్‌ఏ కూడా కలిపి, అవి చేయించుకునేవాణ్ణి. ఏ ల్యాబు డిస్కౌంటు ఇస్తే ఆ ల్యాబు. 2022లో 2.3. 2023లో 2.9. తర్వాత ఇందాక చెప్పిన 3.6. అన్నీ నార్మలే. అన్నీ ఫైల్లో పెట్టాను.

మళ్లీ గుంటూరు ఎందుకు వెళ్లానంటే, కేవలం చీటీ కోసం. మందుల షాపులో కొత్త కుర్రాడు చేరాడు. నా చీటీ నాలుగేళ్ల పాతది, మడతల దగ్గర చిరిగి, డాక్టరు సంతకం కూడా వెలిసిపోయింది. ‘ఇది చెల్లదు బాబాయ్ గారూ, కొత్తది తెచ్చుకోండి’ అన్నాడు. షాపులో నలుగురి ముందు అతని మీద విసుక్కున్నాను. ఇప్పుడు ఆ షాపు ముందు నుంచి వెళ్లినప్పుడల్లా అతన్ని పలకరించి వెళ్తున్నాను.

పాత డాక్టరు గారు హైదరాబాదు వెళ్లిపోయారు. ఆయన స్థానంలో ఒక కుర్ర డాక్టరు. మా అల్లుడి వయసుంటుంది. చీటీ రాసిచ్చేస్తాడనుకుంటే ఫైలు అడిగాడు. రిపోర్టులన్నీ తీసి, తేదీల వరసలో బల్ల మీద పేకముక్కల్లా పరిచాడు.

‘ఈ క్యాప్సూల్ ఎప్పటి నుంచి వాడుతున్నారండీ?’

‘నాలుగేళ్లు కావొస్తోందండీ.’

‘మధ్యలో మానేశారా? అప్పుడప్పుడూ మర్చిపోతారా?’

‘లేదండీ, రాత్రి అన్నం తినగానే మా ఆవిడే చేతిలో పెడుతుంది.’

అతను కాసేపు ఏమీ అనలేదు. పెన్ను తీసి 3.6 పక్కన ‘×2’ అని రాసి, 7.2 అని వేసి, దాని చుట్టూ సున్నా చుట్టాడు.

డ్యుటాస్టెరైడ్ ఏం చేస్తుందంటే, ప్రోస్టేటుని పెంచే హార్మోను తయారవకుండా అడ్డుకుంటుంది. గ్రంథి కుంచించుకుపోతుంది, ఆరు నెలల్లో పీఎస్‌ఏ దాదాపు సగానికి పడిపోతుంది. ఫినాస్టెరైడ్ కూడా ఇంతే. కాబట్టి ఈ మందులు ఆరు నెలలు దాటి వాడేవాళ్ల రిపోర్టులో అంకెని రెట్టింపు చేసి చదువుకోవాలి. నాకు వచ్చిన 2.1 మందు మహిమ. రోగం తగ్గిందనడానికి అది సాక్ష్యం కాదు.

ఆ ‘×2’ చూడగానే నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కరెంటు ఆఫీసులో దీన్నే ఎంఎఫ్ అంటాం, మల్టిప్లయింగ్ ఫ్యాక్టర్. రైసు మిల్లులకి, కోల్డ్ స్టోరేజీలకి వాడకం ఎక్కువ కాబట్టి కరెంటు నేరుగా మీటరులోకి పోదు. మీటరు చూపించేది అసలు వాడకంలో చిన్న వంతు. మీటరులో 120 ఉండి ఎంఎఫ్ 20 అయితే బిల్లు 2,400 యూనిట్లకి వేయాలి. ఒకసారి కొత్తగా చేరిన కుర్రాడు ఒక మిల్లుకి ఎంఎఫ్ వేయడం మరిచిపోయి వందల్లో బిల్లు కొట్టేశాడు. పక్కన కూర్చోబెట్టుకుని, ‘ఒరేయ్, మీటరు అబద్ధం చెప్పదు, మనకి చదవడం రావాలి’ అని క్లాసు పీకింది నేనే. అలాంటివాణ్ణి నా మీటరుకి మూడేళ్లు ఎంఎఫ్ లేకుండా చదువుకున్నాను.

‘రెట్టింపు సంగతి అలా ఉంచండి. నాకు ఇంకా ముఖ్యమైంది ఇది’ అని డాక్టరు 2.1 మీద వేలు పెట్టి, 2.3, 2.9, 3.6 మీదుగా జరుపుకుంటూ వచ్చాడు. ‘మందు అదే, మనిషి మీరే. ఒకసారి కిందికి దిగాక అక్కడే ఉండాలి. పైకి వస్తోందంటే మాత్ర సరిగ్గా వేసుకోకపోవాలి, లేదంటే లోపల ఏదో జరుగుతూ ఉండాలి. మీరేమో వేసుకుంటున్నానంటున్నారు.’

ఇది కూడా నాకు తెలిసిన లెక్కే. ఈ నెల రీడింగ్ ఒక్కటీ చూసి ఎవరూ బిల్లు వేయలేరు. పాత రీడింగ్ కావాలి. నేను మాత్రం ప్రతి ఏడూ వచ్చిన అంకెని పక్కనున్న 0–4తో పోల్చుకున్నానే గానీ, పోయినేటి నా అంకెతో ఒక్కసారీ పోల్చుకోలేదు. ల్యాబుల మీద కోపం వచ్చిన మాట నిజమే. కానీ నేను ఏ మాత్ర వాడుతున్నానో వాళ్లకెలా తెలుస్తుంది? రక్తం తీసే కుర్రాడు వయసు అడిగాడు, ఫోన్ నంబరు అడిగాడు, టిఫిన్ తిన్నారా అని అడిగాడు. మందుల సంగతి అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆ ఒక్క ప్రశ్న ఫారంలో పెడితే వాళ్ల సొమ్మేం పోతుందో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

డాక్టరు క్యాన్సర్ అన్న మాట ఆ రోజు అనలేదు. ఒక్క రిపోర్టు పట్టుకుని ముందుకెళ్లకూడదు, ఇంకోసారి చూద్దాం అన్నాడు. ముందు మూత్రం కల్చర్ చేయించాడు, బావగారి లాంటి వ్యవహారం కాదని తేల్చుకోవడానికి. ఇన్‌ఫెక్షన్ లేదు. నెలన్నర ఆగి రక్తం ఇవ్వమన్నాడు. దానికి రెండు రోజుల ముందు నుంచి సైకిల్ తొక్కకూడదు, ఇంకో నియమం కూడా చెప్పాడు, భార్యాభర్తల మధ్యది. మా ఆవిడ పక్కనే ఉంది. నేను సీలింగు ఫ్యాను వైపు చూశాను. వీర్యం పోతే ఒకటి రెండు రోజులు పీఎస్‌ఏ కాస్త పెరుగుతుందట, అందుకని.

‘విటమిన్ మాత్రలేమైనా వాడుతున్నారా?’ అని కూడా అడిగాడు. అరికాళ్ల మంటలకి మా వీధిలో ఆర్‌ఎంపీ ఇచ్చినవి ఉన్నాయి. అట్ట తీసి చూపిస్తే అందులో బయోటిన్ ఉంది. ఎక్కువ మోతాదులో బయోటిన్ ఉంటే కొన్ని రకాల మిషన్లలో పీఎస్‌ఏ ఉన్నదానికన్నా తక్కువగా చూపించే అవకాశం ఉందట. మూడు రోజుల ముందు ఆపేయమన్నాడు. ఇవన్నీ విన్నాక నా పాత రిపోర్టుల మీద నాకే నమ్మకం పోయింది. ఏ ఏడాది ఏ మాత్ర మింగి ఏ ల్యాబుకి రక్తం ఇచ్చానో దేవుడికి తెలియాలి. ల్యాబు ల్యాబుకీ వాడే కిట్లు వేరు కాబట్టి అదే రక్తానికి అంకెలు కొంచెం అటూ ఇటూ వస్తాయని, ఇక మీదట ఒక్క చోటే చేయించుకోమని చెప్పాడు.

ఆ నెలన్నర గురించి ఎక్కువ చెప్పను. నిద్ర లేదు. మా అమ్మాయి రాత్రిళ్లు చదివి ఏవేవో పంపించేది. అందులో ఒకటి నాకు గుచ్చుకుంది. 2004లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధనలో, పీఎస్‌ఏ 4 దాటని మగవాళ్లకే బయాప్సీ చేసి, అంటే గ్రంథిలోంచి చిన్న ముక్కలు తీసి చూస్తే దాదాపు 15 శాతం మందిలో క్యాన్సరు కనబడిందట. అంటే నాలుగు అనేది గోడ కాదు, ఎవరో గీసిన గీత. 4 నుంచి 10 మధ్య ఉన్నవాళ్లలో మాత్రం నలుగురిలో ముగ్గురికి క్యాన్సరు ఉండదట. మా ఆవిడకి నేను ఈ రెండోదే చెప్పాను.

రెండోసారి రక్తం ఆసుపత్రి ల్యాబులోనే ఇచ్చాను. ఈసారి ఫ్రీ పీఎస్‌ఏ కూడా. పీఎస్‌ఏలో కొంత రక్తంలోని వేరే ప్రొటీన్లకు అంటుకుని తిరుగుతుంది, కొంత విడిగా తిరుగుతుంది. ఆ విడిగా తిరిగేదే ఫ్రీ. క్యాన్సరున్న వాళ్లలో ఈ విడి భాగం తక్కువగా ఉంటుంది. మందు మొత్తాన్నీ విడిదాన్నీ ఒకే తీరున తగ్గిస్తుంది కాబట్టి వాటి నిష్పత్తి పెద్దగా మారదు, దీనికి రెట్టింపు లెక్క అక్కర్లేదు. ఇంటి దగ్గర తీసి ఐస్ డబ్బాలో ఊళ్లు తిప్పే శాంపిల్ దీనికి పనికిరాదన్నాడు. ఫ్రీ పీఎస్‌ఏ తొందరగా పాడైపోతుందట.

మొత్తం 3.7. ఫ్రీ 0.41. పదకొండు శాతం.

25 శాతం దాటితే ఊపిరి పీల్చుకోవచ్చు, 10 లోపైతే అనుమానం గట్టిది. నాది పదకొండు. పరీక్షలో ఒక్క మార్కుతో గట్టెక్కినట్టా, ఒక్క మార్కుతో తప్పినట్టా? అదే అడిగాను. ‘పదకొండుకీ పదికీ తేడా లేదండీ. అనుమానం తగ్గించే అంకె అయితే కాదు’ అన్నాడు. రిపోర్టులో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ (జబ్బు ఎముకలకి పాకితే పెరిగేది) బాగుంది, అంటే ఎముకలకి ఏమీ లేనట్టే కదా అని నేను సొంత వైద్యం మొదలుపెడితే, బాగుండడం మంచిదే గానీ దాన్ని చూసి ఏదీ కొట్టిపారేయలేమన్నాడు. రక్తం చెప్పగలిగింది చెప్పేసింది, ఇక బొమ్మ తీయాలి.

ఎంఆర్‌ఐలో అరగంట పైన పట్టింది. లోపల ఎవరో రేకుల షెడ్డు మీద సుత్తితో కొడుతున్నట్టు చప్పుడు. ప్రోస్టేటు 43కి తగ్గింది. కుడి పక్క అంచులో 11 మిల్లీమీటర్ల మచ్చ, పైరాడ్స్ 4. ఇది ఒకటి నుంచి ఐదు దాకా ఉండే లెక్క. ఐదు అంటే అనుమానం బాగా ఎక్కువ. నాలుగన్నాక బయాప్సీ తప్పదు. గ్రంథి 43కి కుంచించుకుపోతే పీఎస్‌ఏ ఇంకా దిగాలి గానీ పెరగడమేమిటి అని డాక్టరు అప్పుడే తేల్చేశాడనుకుంటా, నాకు చెప్పలేదు.

బయాప్సీకి మొత్తం 15 ముక్కలు తీశారు. మచ్చ దగ్గర మూడు, మిగతావి చుట్టూ. మొలలు కొట్టే గన్ను లాంటి చప్పుడు, ప్రతిసారీ ‘టక్’. నొప్పి కన్నా ఆ చప్పుడుకే ఉలిక్కిపడ్డాను. మూత్రంలో నాలుగు రోజులు రక్తం కనబడింది. ముందే చెప్పారు కాబట్టి కంగారు పడలేదు.

వారానికి రిపోర్టు వచ్చింది. 15లో నాలుగు ముక్కల్లో క్యాన్సరు. గ్లీసన్ 3+4=7.

ఏడంటే పదికి ఏడు అనుకున్నాను. సెవెంటీ పర్సెంట్ అయిపోయిందనుకుని, బయట కుర్చీలో కూర్చుని ఇంటి కాగితాలు, ఎల్‌ఐసీ, పెన్షను నామినీ వరకూ వెళ్లిపోయాను. డాక్టరు లోపలికి పిలిచి చెప్పిందేమిటంటే, బయాప్సీలో ఈ లెక్క మామూలుగా ఆరుతో మొదలవుతుంది. ఆరు అంటే అన్నిటికన్నా నెమ్మది రకం. ఏడు దాని తర్వాతి మెట్టు. పైగా మొదట రాసే అంకె ఎక్కువగా కనిపించిన రకానిది. 3+4 అంటే నెమ్మది రకం ఎక్కువ, కాస్త దూకుడు రకం తక్కువ. అదే 4+3 అయితే మొత్తం ఏడే గానీ జబ్బు తీరు వేరు. ఈ సంగతి రిపోర్టు చేతికిచ్చే కౌంటరు దగ్గరే ఎవరైనా ఒక్క ముక్క చెబితే నా బోటి వాళ్ల గంట నరకం తప్పుతుంది.

రెట్టింపు చేసినా పీఎస్‌ఏ పది లోపే, గ్లీసన్ ఏడు, ప్రోస్టేటు దాటి బయటికి వెళ్లినట్టు ఎంఆర్‌ఐలో ఏమీ లేదు. ఆపరేషనా, రేడియేషనా అని అడిగారు. రెండిటికీ లాభాలూ ఉన్నాయి, తిప్పలూ ఉన్నాయి. నేను ఆపరేషనుకే ఒప్పుకున్నాను. తీసేశాక పీఎస్‌ఏ చదవడం తేలికని డాక్టరు అన్న మాట కూడా అందుకు ఒక కారణం. గ్రంథే లేకపోతే పీఎస్‌ఏ ఉండకూడదు కదా. జూన్‌లో అయింది. ట్యూబు, డైపర్లు, దగ్గితే మూత్రం చుక్కలు పడడం, అది వేరే కథ. ఇప్పుడు చాలావరకూ నయం.

ఆపరేషనయ్యాక ఆరు వారాల దాకా రక్తం తీయలేదు. నాకేమో మర్నాడే తెలుసుకోవాలని ఆత్రం. రక్తంలో మిగిలిన పీఎస్‌ఏ రెండు మూడు రోజులకోసారి సగం చొప్పున తరుగుతూ పోతుంది, అది పూర్తిగా పోయేదాకా ఆగాలన్నాడు.

ఆగస్టులో రిపోర్టు వచ్చింది. ‘<0.01’ అని ఉంది. దాని పక్కన మళ్లీ అదే, నార్మల్ 0 నుంచి 4. ప్రోస్టేటు తీసేసిన మనిషికి రేపు 0.8 వచ్చినా ఆ కాగితం నార్మల్ అనే అంటుంది, స్టార్ వేయదు. కానీ నాకు 0.2 దాటి, మళ్లీ చేయించినా అలాగే వస్తే జబ్బు తిరగబెట్టినట్టు లెక్క. అందుకే ఈసారి ఫైల్లో పెట్టే ముందు ఆ 0–4ని ఎర్ర పెన్నుతో కొట్టేసి, పక్కన 0.2 అని రాసుకున్నాను. ఒక నోటుబుక్కు కూడా పెట్టాను. తేదీ, ల్యాబు, అంకె, ఆ వారం వాడిన మందులు. మా ఆఫీసు రీడింగు పుస్తకంలా గళ్లు గీశాను.

నేను రాసుకుంటుంటే మా ఆవిడ భుజం మీదుగా చూసింది.

‘సున్నా అని రాయొచ్చుగా, ముందు ఆ గుర్తేంటండీ?’

‘సున్నా అని చెప్పలేరు. వాళ్ల మీటరు అంతకన్నా కిందికి చదవలేదు, అందుకని.’

కాసేపు ఆలోచించింది.

‘మనింటి మీటరు కూడా అలా చదవకుండా ఉంటే బావుండు’ అని పొయ్యి మీద పాలు చూడ్డానికి వెళ్లిపోయింది.